పలువరుసకు పట్టీలు

మన కావ్యాల్లో స్త్రీకి ఉన్న పేర్లలో 'కుందరదన' ఒకటి. మొల్లమొగ్గల్లాంటి పళ్లున్నది అని అర్థం. పీహెచ్‌డీ కోసం ప్రబంధాల్లోని నాయికా వర్ణనలు వరసపెట్టి చదివిన రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు ఎదురైందో నేను లెక్కపెట్టలేదు. మొల్లమొగ్గలు కాకపోతే దానిమ్మ గింజలు, అవీ కాకపోతే ముత్యాలు. ఉపమానం ఏదైనా అందులో దాగిన షరతు ఒక్కటే. అన్నీ ఒకే తీరుగా, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఒదిగి ఉండాలి. పన్ను మీద పన్ను ఎక్కిన నాయిక నాకు ఏ ప్రబంధంలోనూ తారసపడలేదు. పళ్లు ముందుకొచ్చిన స్త్రీ కనబడిందంటే ఆమె రాక్షసి అయినా అయివుండాలి, నవ్వించడానికి తెచ్చిన పాత్ర అయినా అయివుండాలి.

కవి చేతిలో ఉపమానం ఉంది కాబట్టి ఆయన పని సులువు. నిజమైన నోట్లోని నిజమైన పళ్లను ఆ వరసలోకి తేవాలంటే మాత్రం లోహం కావాలి, దారం కావాలి, మరమేకు కావాలి, నొప్పి ఓర్చుకునే మనిషి కావాలి. ఈ సాధనాలు ఎవరు చేశారు, మొదట ఎవరి నోట్లో పెట్టి చూశారు, ఆ నోరు ఏమంది అన్న ప్రశ్నలు నన్ను కొన్నేళ్లుగా వెంటాడుతున్నాయి. నేను దంతవైద్యురాలిని కాను. ఈ చరిత్ర ఎక్కువగా ఫ్రాన్స్‌లో, అమెరికాలో జరిగింది. మన ఇళ్లలో 'పళ్లకి క్లిప్పులు' అనే మాట వినబడటానికి చాలాముందే దాని కథ సగం పైగా నడిచిపోయింది. సాహిత్యం చదువుకున్న మనిషిగా వైద్య గ్రంథాలను కూడా కథనాలుగానే చదువుతాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు అని వెతుక్కుంటాను.

అన్నిటికన్నా పాత సలహా రోమన్ రచయిత సెల్సస్‌ది, ఒకటో శతాబ్దం నాటిది. పాలపన్ను ఊడకముందే కొత్తపన్ను వస్తే పాలపన్ను తీసేసి, కొత్తదాన్ని సరైన చోటికి చేరేదాకా రోజూ వేలితో నెట్టమన్నాడు. వేలితో నెట్టడం మన అమ్మమ్మలకూ తెలిసిన విద్యే కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను. ఆగాల్సింది రోమన్లకంటే ముందు మధ్య ఇటలీలో ఉన్న ఎట్రుస్కన్ల దగ్గర. వాళ్ల సమాధుల్లో, పుర్రెల పళ్లచుట్టూ చుట్టిన సన్నని బంగారు రేకు పట్టీలు దొరికాయి. దంతవైద్య చరిత్రలు రాసినవాళ్లలో కొందరు వీటిని చూసి వంకర పళ్లను సరిచేసే తొలి సాధనాలు ఇవేనని సంబరపడ్డారు. మానవశాస్త్రవేత్త మార్షల్ బెకర్ వీటిని ఒక్కొక్కటిగా పరిశీలించి వేరే మాట చెప్పాడు. వీటిలో చాలావాటి పని తీసేసిన పన్ను స్థానంలో పెట్టిన మరో పన్నును నిలబెట్టడం. పళ్లను జరిపే శక్తి మెత్తని బంగారు రేకుకు లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ధరించినవాళ్లు ఆడో మగో తేల్చగలిగిన చోట వాళ్లు స్త్రీలే. పై వరస ముందుపన్నును కావాలనే తీయించుకుని బంగారంతో కట్టించుకుని ఉంటారని అతని ఊహ. బెకర్, జీన్ మాకింటోష్ తుర్ఫా కలిసి దీనిమీద 2017లో ఒక పెద్ద పుస్తకమే వేశారు.

ఈ వాదం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మనకి కాళ్లకి పట్టీలు, వాళ్లకి పళ్లకి పట్టీలు. నవ్వితే బంగారం మెరవాలి. దాన్ని చికిత్స అనుకున్న చరిత్రకారులు ఆ పట్టీలో వైద్యుణ్ణి చూశారు గానీ పెట్టుకున్న ఆమెను చూడలేదు. రోమన్ల పన్నెండు పలకల చట్టం శవంతోపాటు బంగారం పూడ్చకూడదంటూనే, పళ్లు కట్టిన బంగారానికి మినహాయింపు ఇచ్చింది. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలోనే చట్టం దాకా వెళ్లిందంటే ఆ బంగారం ఎంత మామూలు సంగతో తెలుస్తుంది.

పళ్లను నిజంగా జరిపే సాధనం కోసం 1728 దాకా రావాలి. ఆ ఏడాది పారిస్‌లో పియెర్ ఫొషార్ దంతవైద్యం మీద రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. అప్పటికి పళ్లు పీకడం ఒక వీధి ప్రదర్శన. పారిస్‌లో పోన్ నఫ్ వంతెన మీద గ్రాన్ తొమా అనే భారీ మనిషి జనం గుమిగూడి చూస్తుండగా పళ్లు పీకేవాడు. ఫొషార్ ఈ వీధి విద్యల్ని దులిపేసి, తనలాంటివాళ్లు శస్త్రవైద్యులనీ, తమది చదువుకుని నేర్చుకునే వృత్తి అనీ నిలబెట్టాడు. తన పరికరాలను దాచుకోకుండా బొమ్మలు వేయించి మరీ అచ్చు వేయించాడు. ఆ కాలంలో ప్రతి వైద్యుడూ తన విద్యను కొంగున ముడేసుకునేవాడు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఆయన పట్టీ చూడటానికి చాలా సాదా వస్తువు. వెండితోనో బంగారంతోనో చేసిన బద్ద, దానికి రంధ్రాలు. పన్ను లోపలికి వాలి ఉంటే బద్దను బయటివైపు ఆనించి, రంధ్రాల గుండా దారం పోనిచ్చి ఆ పన్నును బద్దకు కడతారు. బయటికి పొడుచుకొచ్చిన పన్నయితే బద్ద లోపలివైపు. దారం వదులయ్యేకొద్దీ మళ్లీ బిగించాలి. రోజులు పడుతుంది. అంత ఓపిక లేనిచోట ఇంకో పద్ధతి ఉంది. పెలికన్ పక్షి ముక్కులా ఉండే పనిముట్టుతో పన్నును పట్టుకుని, వేరు వదులయ్యేలా ఒక్క ఊపులో సరైన దిక్కుకు తిప్పి, పక్క పళ్లకు దారంతో కట్టి, గట్టిపడేదాకా ఉంచడం. ఈథర్ మత్తును జనం ముందు చూపింది 1846లో, అదీ మోర్టన్ అనే దంతవైద్యుడే. అంటే ఫొషార్ తర్వాత నూటికి పైగా ఏళ్లు ఇదంతా తెలివి ఉండగానే జరిగింది. ఆయన తర్వాత రాజవైద్యుడైన ఎతియెన్ బుర్దే 1757లో ఈ పట్టీని మెరుగుపరిచాడు. పళ్లు కిక్కిరిసి ఉంటే చోటు కోసం పక్కపళ్లు పీకమన్నదీ ఆయనే. పీకాలా వద్దా అన్న గొడవ అక్కడ మొదలై ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఇక పెళ్లిచూపుల దగ్గరికి వద్దాం. ఆస్ట్రియా మహారాణి మరియా థెరెసా తన చిన్నకూతుర్ని ఫ్రాన్స్ యువరాజుకు ఇవ్వాలనుకుంది. ఆ పిల్లే తర్వాత మేరీ ఆంటోనెట్. సంబంధం మాట్లాడే క్రమంలో ఫ్రెంచివాళ్లు పెట్టిన వంకల్లో పళ్లు ఒకటి. 1768లో పారిస్ నుంచి లవెరాన్ అనే దంతవైద్యుడు వియన్నా వెళ్లాడు. పళ్లు వరసలోకి రావడానికి మూడు నెలలు పట్టిందని జీవితచరిత్రలు చెబుతాయి. పిల్లకి అప్పటికి పన్నెండేళ్లు. నుదురు మరీ ఎత్తుగా ఉందని జుట్టు సవరించడానికి ఇంకో మనిషి కూడా వెళ్లాడు. 1770లో, పద్నాలుగేళ్లకి, పెళ్లయింది. లవెరాన్ వాడింది ఫొషార్ పట్టీయేనని చాలాచోట్ల రాసేస్తారు. అప్పటికి ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్లు కాబట్టి దాని బాటలోదే అయివుంటుందనుకోవడంలో తప్పులేదు. నన్ను ఆపిన విషయం వేరు. రెండు రాజ్యాల మధ్య ఒప్పందం ఒక పన్నెండేళ్ల పిల్ల దవడ మీదుగా నడిచింది. ఒప్పందపత్రాల్లో కట్నం ఎంతో, కానుకలేమిటో రాసి ఉంటాయి. మూడు నెలలు ఆ పిల్ల ఏం తిన్నదో రాసి ఉండదు. 'పిల్ల బాగుంది గానీ పళ్లే కొంచెం' అనే మాట విని పెరిగిన మనకి ఆ రాజప్రాసాదం ఏమంత దూరంగా అనిపించదు.

అదే కాలంలో ఒకరి పన్ను ఇంకొకరి నోటికి మారడం కూడా ఉండేది. లండన్‌లో జాన్ హంటర్ లాంటి పేరున్న శస్త్రవైద్యుడే ఈ మార్పిడిని సమర్థించాడు. పేదపిల్లల పళ్లు డబ్బిచ్చి పీకించి డబ్బున్నవాళ్ల చిగుళ్లలో గుచ్చేవారు. రోలాండ్‌సన్ 1787లో గీసిన ఒక వ్యంగ్యచిత్రం ఈ అంగడినంతా ఒకే గదిలో చూపిస్తుంది. అలంకరించుకున్న దొరసాని పక్కనే పొగగొట్టాలు తుడిచే కుర్రవాడు కూర్చుని పన్ను పోగొట్టుకుంటుంటాడు. 1862లో వచ్చిన హ్యూగో నవల 'లే మిజరాబ్ల్'లో ఫాంటీన్ తన రెండు ముందుపళ్లను నలభై ఫ్రాంకులకు అమ్ముకున్నది కూతురి కోసం. సాహిత్య విమర్శకులు ఆ ఘట్టాన్ని కరుణరసం కింద చదువుతారు. నాకు అది బజారు ధరల పట్టికలా కూడా కనిపిస్తుంది. స్త్రీ ముందుపళ్లకు ధర ఉంది, కొనేవాడు ఉన్నాడు, పీకేవాడు ఉన్నాడు.

సరిచేసిన పళ్లు ఎవరికి చూపాలి, ఎంతవరకు చూపాలి అన్నది మరో కట్టుబాటు. 1787లో పారిస్ సలోన్‌లో చిత్రకారిణి ఎలిజబెత్ విజే ల బ్రన్ తన కూతుర్ని ఒళ్లో పొదువుకున్న స్వీయచిత్రం ప్రదర్శించింది. అందులో ఆమె పెదవులు కాస్త విడి, తెల్లని పళ్లు కనిపిస్తాయి. అంతే. కళారసికులు గగ్గోలు పెట్టారు. ప్రాచీనుల్లో ఇలాంటి దృష్టాంతం లేదట. ఇంగ్లీషు చరిత్రకారుడు కొలిన్ జోన్స్ 2014లో పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ చిరునవ్వు మీద రాసిన పుస్తకంలో ఈ ఘట్టాన్నీ కొత్తగా తలెత్తిన దంతవైద్యాన్నీ కలిపి చూపించాడు. పళ్లు బాగుచేయించుకోవడం నాగరికత, వాటిని కనబడనీయడం నిర్లజ్జ. ఈ రెండు నియమాలూ ఒకే నోటికి!

పంతొమ్మిదో శతాబ్దంలో పనిముట్లు వేగంగా మారాయి. 1841లో పారిస్‌లో షాంజ్ పళ్లకు మరతో బిగించే పట్టీ చూపించాడు. అదే ఏడాది లెఫూలోన్ ఈ విద్యకు పేరు పెట్టాడు, ఇవాళ్టి 'ఆర్థోడాంటిక్స్' ఆ పేరుకు వారసురాలే. గుడ్‌ఇయర్ పద్ధతిలో ఉడికించిన రబ్బరు వచ్చాక సాగే బిగింపులూ నోట్లోకి వచ్చాయి. అమెరికాలో నార్మన్ కింగ్స్‌లీ 1880లో పెద్ద గ్రంథం వేశాడు. ఆయన శిల్పి కూడా. పై పళ్లను వెనక్కి లాగడానికి తల వెనక నుంచి పట్టీలు కట్టిన పద్ధతి ఆయనది. జాన్ ఫరార్ మరీ లెక్కల మనిషి. మరమేకును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పాలనీ, ఒక్కోసారికి పన్ను అంగుళంలో 240వ వంతు మించి కదలకూడదనీ తేల్చాడు. అంతకు మించితే అది చికిత్స కాదు, గాయం. నొప్పిని కొలవడానికి ప్రయత్నించిన తొలి మనుషుల్లో ఆయనొకడు కాబట్టి నాకు ఫరార్ అంటే కొంచెం అభిమానం.

అదే సమయంలో ఇంకో కొలత కూడా మొదలైంది. ఇటలీలో లొంబ్రోసో 1893లో, ఫెరెరోతో కలిసి, నేరం చేసిన స్త్రీలను, పడుపువృత్తిలోని స్త్రీలను దవడలతో సహా కొలిచి పుస్తకం రాశాడు. షికాగోలో యూజీన్ టాల్బట్ అటు పళ్ల వంకరల మీద పాఠ్యగ్రంథమూ రాశాడు, ఇటు 1898లో 'క్షీణత' అనే పేరుతో మనిషిజాతి దిగజారుడు మీద ఇంకో పుస్తకమూ రాశాడు. దవడ అమరికలోని లోపం వంశంలోని లోపానికి గుర్తు అన్నది ఆ వాదన. మన సాముద్రికం కాళ్లూ చేతులూ నుదురూ చూసి ఆడపిల్ల తలరాత చెప్పినట్టే ఇదీ. తేడా ఏమిటంటే దీని చేతిలో సూక్ష్మ కొలబద్ద ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. వంకర పన్ను అందవికారం అనడం ఒక ఎత్తు, అది గుణహీనతకు సాక్ష్యం అనడం ఇంకో ఎత్తు. రెండోదానికి శాస్త్రం తోడు దొరికింది.

ఈ విద్యకు పితామహుడని పేరు పొందినవాడు ఎడ్వర్డ్ హార్ట్‌లీ యాంగిల్. 1855లో పుట్టి 1930లో పోయాడు. పళ్ల కలయిక ఎలా తప్పుతుందో మూడు తరగతులుగా విడగొట్టి 1899లో ఆయన చేసిన వర్గీకరణ ఇప్పటికీ ప్రపంచమంతటా పాఠ్యాంశం. 1900లో సెయింట్ లూయిస్‌లో ప్రత్యేకంగా దీనికోసమే బడి పెట్టాడు. అంతకుముందు ప్రతి వైద్యుడూ ప్రతి నోటికీ వేరుగా లోహం వంచుకుని, అతుకులు పెట్టుకుని తిప్పలు పడేవాడు. యాంగిల్ ముక్కలన్నీ ముందే తయారుచేసి, పేటెంట్లు తీసుకుని అమ్మించాడు. 1925లో ఆయన చూపిన చివరి పరికరంలో ప్రతి పన్నుకూ చిన్న గాడి, ఆ గాడిలో నలుచదరపు తీగ. ఇవాళ పిల్లల నోళ్లలో మెరిసే క్లిప్పుల్లో ఎక్కువభాగం దాని సంతానమే.

యాంగిల్‌కి ఆదర్శ ముఖం ఎవరిది? అపోలో బెల్వెడేర్‌ది. వాటికన్‌లోని చలువరాతి దేవుడు. అమెరికా ఆడపిల్ల దవడకు కొలత, గ్రీకు మగదేవుడి రాతి ముఖం! ఆయన పుస్తకాల్లో ఆ తల బొమ్మ ఉంటుంది. సరైన పలువరుసకు నమూనాగా ఒక పుర్రెను చూపి దానికి 'ఓల్డ్ గ్లోరీ' అని, అంటే అమెరికా జెండాను ముద్దుగా పిలిచే పేరు, పెట్టుకున్నాడు. అయితే ఇక్కడ ఒక మలుపు ఉంది. తన బడిలో కళ గురించి పాఠాలు చెప్పడానికి ఎడ్మండ్ వ్యూర్పెల్ అనే చిత్రకారుణ్ణి పిలిపించుకున్నాడు. అందానికి ఒకే సూత్రం లేదని, ఏ ముఖానికి ఆ ముఖానిదే పొందిక అని వ్యూర్పెల్ నచ్చజెప్పాడు. యాంగిల్ కొంత విన్నాడు, కొంత వినలేదు. దేవుడిచ్చిన పళ్లన్నీ ఉంటేనే పొందిక అనే తన నమ్మకానికి ఆ మాటను అతికించుకున్నాడు. పళ్లు పీకి చోటు చేయవచ్చన్న కాల్విన్ కేస్‌తో 1911లో యాంగిల్ పక్షం చేసిన వాగ్యుద్ధం ఆ రంగంలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆయన శిష్యుడే అయిన చార్లెస్ ట్వీడ్, గురువు పోయాక, తానే పీకకుండా చికిత్స చేసిన రోగుల్ని మళ్లీ పిలిచి, ఈసారి పళ్లు తీసి, నూరుగురి ఫలితాలను 1940లో అందరి ముందు పెట్టాడు. ఎక్స్‌రే కొలతలు వచ్చాక కూడా అపోలో పూర్తిగా తప్పుకోలేదు. 1948లో డౌన్స్ ఇచ్చిన ప్రసిద్ధ ప్రమాణాలు తెల్లజాతికి చెందిన 20 మంది పిల్లల ముఖాల నుంచి వచ్చినవి. భారతీయ ముఖాల మీద విడిగా కొలతలు అచ్చవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

పితామహుడి కథ ఇంత తెలుసు. అన్నా హాప్కిన్స్ కథ ఎంతమందికి తెలుసు? 1872లో పుట్టిన ఈమె యాంగిల్ కార్యాలయంలో సహాయకురాలిగా చేరింది. అక్కడితో ఆగకుండా అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి 1902లో పట్టా తీసుకుంది. ఆర్థోడాంటిస్టుల సంఘం తొలి ఏళ్లలో దాని కార్యదర్శిగా పనిచేసింది. 1908లో యాంగిల్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ రంగంలో ఆమె పేరు 'మదర్ యాంగిల్'. పట్టా ఉన్న వైద్యురాలు శిష్యులందరికీ 'అమ్మ' అయిపోయింది. ప్రేమతోనే పిలిచారు, అందులో సందేహం లేదు. కానీ ఆయన మాత్రం 'డాక్టర్ యాంగిల్'గానే ఉన్నాడు. ఆమె 1957 దాకా బతికింది. యాంగిల్ కాగితాలను, ఉత్తరాలను జాగ్రత్త చేసింది. ఆయన ఉత్తరాలతో షెల్డన్ పెక్ 2007లో నాలుగు సంపుటాలు తెచ్చాడు. వాటి ముందు కూర్చున్న పరిశోధకుడెవరైనా ఆ ఇంటి ఇల్లాలు దాచినదాని మీద కూర్చున్నట్టే.

ఆమె కంటే ముందు లూసీ హాబ్స్ టేలర్ ఉంది. ఆడది కాబట్టి చేర్చుకోమన్న కాలేజీ చుట్టూ తిరిగి, ఈలోగా సొంతంగా వైద్యం చేస్తూ బతికి, చివరికి 1866లో ఒహాయోలో దంతవైద్య పట్టా పొందిన తొలి స్త్రీ. మన దగ్గర 1920లో రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టాడు. అక్కడ చదివిన ఫాతిమా జిన్నా 1923లో బొంబాయిలో క్లినిక్ తెరిచింది. చరిత్ర ఆమెను అన్న వెనక నిలబడ్డ చెల్లెలిగా గుర్తుపెట్టుకుంది. కొన్నేళ్లు ఆమె చేతిలో పళ్లు చూసే అద్దం ఉందన్నది చాలామందికి తెలియదు.

ఇదంతా చదివి 'అందం పేరుతో ఆడవాళ్ల మీద మరో హింస' అని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేయడం తేలిక. నేను ఆ తీర్పు చెప్పలేను. పళ్లు ముందుకు పొడుచుకొచ్చిన పిల్లలు ఆటల్లో పడితే అవి విరిగే ప్రమాదం ఎక్కువ. పై పళ్లు, కింది పళ్లు కలవని మనిషికి ముద్ద నమలడమే కష్టం. ఫెయిర్‌నెస్ క్రీములనూ క్లిప్పులనూ ఒకే గాటన కట్టలేం. పైగా ఎవరికోసం అన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా దొరకదు. మా పిన్నికి ఎత్తుపళ్లు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు మేం అది ఆవిడ సిగ్గనీ, ఆ కొంగు అందమనీ అనుకున్నాం. యాభై దాటాక, ఎవరినీ అడక్కుండా, ముందు పళ్లు తీయించేసి కట్టుడుపళ్లు పెట్టించుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఒక పెళ్లిలో దిగిన ఫోటోలో మొదటిసారి ఆవిడ నోరు తెరిచి నవ్వింది. స్త్రీవాదం చదివిన నేను 'ఎందుకు పిన్నీ, నీ పళ్లు నీకుంటే ఏమైంది' అన్నాను. 'నీకేం తెలుసే. నవ్వు కోసం జామకాయ వదులుకున్నాను. నాకు చవగ్గానే దొరికింది' అంది. దానిమీద నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు.

ఇక సాధనాల సంగతి. బంగారం పోయి, ముప్పైల నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. 1955లో బునోకోర్ పన్ను పైపొరను ఆమ్లంతో గరుకు చేసి అంటించవచ్చని చూపాక, ప్రతి పన్నుకూ ఉంగరంలా లోహం తొడగాల్సిన అవసరం క్రమంగా తప్పింది. 1999 తర్వాత కంటికి కనబడని పారదర్శక తొడుగులు మార్కెట్లోకి వచ్చాయి. ఎట్రుస్కన్ స్త్రీ కనబడటానికి పెట్టుకుంది, ఈతరం అమ్మాయి కనబడకుండా ఉండటానికి ఎక్కువ డబ్బు ఇస్తోంది.

వరసలో రావలసిన ఒక కేసును నేను కావాలనే చివరికి ఉంచాను. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ 'డెంటల్ కాస్మాస్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. రోగి పద్నాలుగున్నరేళ్ల అమ్మాయి. పేరు లేదు. పై దవడ ఇరుకై పళ్లకు చోటు లేదు. ఏంజెల్ పళ్లు పీకదలుచుకోలేదు. అంగిలికి అడ్డంగా, ఆ పక్క పళ్లకూ ఈ పక్క పళ్లకూ మధ్య ఒక మరను బిగించాడు. దాన్ని తిప్పితే రెండు పక్కలూ బయటికి నెట్టుకుంటాయి. మర తిప్పే తాళంచెవిని ఆ అమ్మాయికే ఇచ్చి, వదులైనప్పుడల్లా నువ్వే బిగించుకుంటూ ఉండు అని పంపాడు. రెండు వారాలయ్యేసరికి ముందరి రెండు పళ్ల మధ్య ఖాళీ వచ్చింది. పళ్లు కాదు, పై దవడ ఎముకే నడుమ కీలు దగ్గర విడిందని ఏంజెల్ వాదించాడు. ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. అప్పటికి ఉన్న సాక్ష్యమల్లా ఆ అమ్మాయి నోట్లోని సందు. పత్రిక సంపాదకుడు మెక్విలెన్ నమ్మలేదు. తర్వాత వచ్చిన పెద్దలూ చాలామంది నమ్మలేదు. ఎముక అలా విడదన్నారు. వందేళ్ల తర్వాత ఆండ్రూ హాస్ మొదట పందుల మీద, తర్వాత పిల్లల మీద చేసి చూసి, 1961లో ఆ పద్ధతిని మళ్లీ నిలబెట్టాడు.

ఈ వాదంలో ఏంజెల్ మాటుంది, మెక్విలెన్ మాటుంది, హాస్ మాటుంది. రోజూ అద్దం ముందు నిలబడి, తన నోట్లోకి తానే తాళంచెవి పోనిచ్చి, తన ఎముకను తానే కొంచెం కొంచెంగా విడదీసుకున్న మనిషి మాట లేదు. ఎముక విడింది అని మొదట తెలిసింది ఆమెకే. ఇంకొక్క తిప్పు తిప్పాలా, ఇవాళ్టికి చాలా అన్నది ఆ రెండు వారాలూ ఆమే తేల్చుకుంది. వైద్యచరిత్ర ఆమెను 'రోగి' అంటుంది. ఆ ప్రయోగం చేసింది ఎవరో నాకైతే అంత స్పష్టంగా లేదు.

ఆ మర ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు తాళంచెవి ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ల చేతికిస్తారు, అంటే చాలా ఇళ్లలో అమ్మకి. నాతోపాటు పనిచేసే స్నేహితురాలి కూతురికి పదేళ్లు. ఒక రాత్రి వాళ్లింట్లో ఉన్నాను. అన్నాలయ్యాక ఆమె పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో టార్చి పట్టుకుని, జారి గొంతులో పడకుండా దారం కట్టిన ఆ చిన్న తాళంచెవిని లోపలికి పోనిచ్చింది. ఒక్క పావు తిప్పు. పిల్ల చెయ్యెత్తితే అమ్మ ఆపేయాలి, అది వాళ్లిద్దరి ఒప్పందమట. ఆ రాత్రి పిల్ల రెండుసార్లు చెయ్యెత్తింది. రెండుసార్లూ ఆమె ఆగింది.